కన్నెమ్మ దిబ్బకు ఏ నెల మంచిది

తామరైపాక్కానికి దిగువన, కొసస్తలై ఏటి ఒడ్డున ఉండే నాలుగైదు ఊళ్ళలో మునియప్పను అడక్కుండా ఎవరూ లేచిపోరు. పెళ్ళికి అయ్యవారిని అడుగుతారు, ఇంటికి మేస్త్రీని అడుగుతారు, లేచిపోవడానికి మాత్రం మునియప్పే. అలాగని ఆయన ప్రేమల గురించి తెలిసినవాడేమీ కాదు. పొన్నమ్మతో ఆయన పెళ్ళి పెద్దలు కుదిర్చిందే. ఆయన ఆనకట్ట దగ్గర లస్కరు. తెల్లారగానే గేజీ రాయి మీద నీళ్ళు ఎన్ని అడుగులున్నాయో చూసి పుస్తకంలో రాయడం, పైనుంచి కబురొస్తే షట్టర్ల చక్రాలు తిప్పడం ముప్పై ఏళ్ళుగా ఆయన ఉద్యోగం. ఏరు ఏ రోజు ఎట్లా ఉంటుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అడిగేది అందుకే.

ఆనకట్టకు కింద ఏటి నడుమ ఒక దిబ్బ ఉంది. దాని మీద రెండు వేపచెట్లు, పసుపు పూసిన ఏడు రాళ్ళు. ఆ ఏడుగురూ కన్నెమ్మలు. చుట్టూ ఏరు పారుతుండగా ఆ రాళ్ళ ముందు ఒక జంట తాళి కట్టుకుంటే అది పెళ్ళేనని ఆ ఊళ్ళ కట్టుబాటు. కులం చూడరు, గుడా చర్చా అని అడగరు. కోపంతో ఉన్నవాళ్ళు పారే నీటిని దాటకూడదు గనక పిల్ల తరఫువాళ్ళు ఒడ్డునే నిలబడి తిట్టుకోవాలి. గొంతు పోయేదాకా తిట్టి ఇంటికి పోవాలి. ఎండాకాలం వచ్చి ఏరు ఎండాక ఇసుక మీద నడిచి దిబ్బకు వెళ్ళి, ఆ పిల్ల వండిపెట్టిన పొంగలి తిని రావాలి. దాంతో కోపం తీరినట్టు. రాకపోకలు మొదలు.

ఏరు పారకుండా కడితే మాత్రం అది పెళ్ళి కాదు. పసుపుతాడు ఎవరైనా తెంచవచ్చు.

కాబట్టి అంతా నెల మీద ఉంది. అక్కడిది అరవ నెలల లెక్క. జూలై నడుమ మొదలయ్యే ఆడిలో పెళ్ళి మాటే ఎత్తరు. ఆవణి, పురట్టాసిలో ఏట్లో ఉన్న నీళ్ళు మడుగుల్లో నిలిచి ఉంటాయి తప్ప పారవు. ఐప్పసిలో వానలు పడతాయిగానీ పూండి జలాశయం నిండేదాకా కిందికి చుక్క వదలరు. కార్తికై మొదట్లో వదిలితే వచ్చేది వరద, దాటబోయినవాడు సముద్రంలో తేలాలి. మార్గళిలో శుభకార్యం చేయరు. ఇక మిగిలింది కార్తికై చివరి పది పదిహేను రోజులు. వరద తీసి, గేజీ రాయి మీద రెండు అడుగులకూ మూడు అడుగులకూ మధ్య నీళ్ళు నిలకడగా పారే రోజులు. వేపచెట్టుకు తాడు కట్టుకుని పట్టుకుంటే ఆడపిల్ల కూడా నడిచి దాటుతుంది. కోపంతో వచ్చినవాడు మాత్రం దాటకూడదు.

ఈ వివరం చెప్పేటప్పుడు మునియప్ప గొంతు కాస్త పెద్దమనిషి గొంతయ్యేది. ఆయన చెప్పిన రోజున నాలుగు జంటలు దాటాయి. నాలుగూ నిలిచాయి. అందులో ఒకామె తన కొడుక్కి మునియప్ప పేరే పెట్టుకుంది. పొన్నమ్మకు ఇదంతా గిట్టేది కాదు. "ఊళ్ళోవాళ్ళ బిడ్డల్ని లేపుకోని పొయ్యేదానికి నువ్వు దొరికినావా? రేపు మనింట్లోంచే ఒకరు పోతే తెలుస్తాది నీకు" అనేది.

ఐదో జంట విషయంలో ఆయన తప్పు చేశాడు. పొరపాటు కాదు, తప్పు. ఏరు ఎండిపోవచ్చు, వరద రావచ్చు, గేజీ రాయి కొట్టుకుపోవచ్చు, వాటికి ఆయన బాధ్యుడు కాదు. దీనికి బాధ్యుడు ఆయనే.

ఆ పిల్ల జీవిత. మునియప్ప చెల్లెలు ధనకోటి కూతురు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. ధనకోటి మరిది నటరాజు ఇంట్లో తల్లీకూతుళ్ళు ఉండేవాళ్ళు. జీవిత ఊత్తుకోట రోడ్డులో ఒక కంపెనీలో ప్యాకింగు పనికి పోయేది. అక్కడే పని చేసే శరత్‌కుమార్ అనే పిల్లవాడిని ఇష్టపడింది. వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు. ఆ ఒక్క మాట చాలు నటరాజు గోడ మీది కత్తి దింపడానికి. కత్తి అంటే కొబ్బరికాయలు కొట్టే కత్తే అనుకోండి, కానీ దింపుతాడు.

ఐదేళ్ళ కింద పురట్టాసిలో ఒక ఆదివారం జీవిత ఆనకట్ట దగ్గరికి వచ్చింది. మామకిష్టమని గిన్నె నిండా ఉలవచారు తెచ్చింది. ఆయన తింటున్నంతసేపూ షట్టరు గట్టు మీద కూర్చుని కాళ్ళు ఊపుతూ ఉంది. తిన్నాక అడిగింది.

"మామా, దిబ్బకి ఏ నెల మంచిది?"

మునియప్ప చెయ్యి కడుక్కుంటున్నవాడు ఆగిపోయాడు.

"ఎవురికి పాపా?"

"నాకే."

"తిరువళ్ళూరులో రిజిస్టరాఫీసు ఉంది గదా?"

"కాయితం చూపిస్తే పోలీసు ఒప్పుకుంటాడు మామా. మాయమ్మ నా ఇంటికి వచ్చి ఒక ముద్ద తినాలంటే దిబ్బ ఒప్పుకోవాల. చిన్నాయన అమ్మను గడప దాటనీడు. దిబ్బ మీద కట్టుకుంటే మాత్రం ఆయన నోరు లేవదు."

ఆ మాట నిజం. నటరాజు ఎంత మొండివాడైనా దిబ్బ మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఆ ఊళ్ళలో ఎవరికీ లేదు. మునియప్ప ఆలోచించినట్టు గడ్డం గోక్కుని, "కార్తికై ఇరవైరెండు. రెండున్నర అడుగులుంటాది" అన్నాడు. అప్పుడు ఆయన నిజమే చెప్పాడు. అది గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఆయన దాన్నే పట్టుకుని ఐదేళ్ళు ప్రాణం నిలుపుకున్నాడు.

అయితే ఆయనకు ఒక కొడుకున్నాడు, పార్థిబన్. జీవిత పుట్టిన రోజునే ధనకోటి, "అన్నా, ఇది మీ యింటి పిల్లే" అంది. ఆడవాళ్ళు పురిటి మంచం మీద ఎన్నో అంటారు. మునియప్ప మాత్రం ఆ మాటను ఇరవైరెండేళ్ళు మనసులో దాచుకున్నాడు. జీవిత ఇంటికి వచ్చి పొన్నమ్మ పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తుంటే, ఇదే కదా నా ముసలితనం అని చూసుకునేవాడు. కొడుకును మాత్రం ఏనాడూ అడగలేదు. ఇంట్లో ఉన్న వస్తువు గురించి ఎవరినీ అడగనట్టు.

ఆ ఏడు వానలు తక్కువ. పూండిలో వదిలిందే కొంచెం. కార్తికై పద్దెనిమిదిన మునియప్ప ఫోనుకు ఆఫీసు గ్రూపులో ఒక మెసేజీ వచ్చింది. ఇరవయ్యో తేదీ సాయంత్రంతో పైన నీళ్ళు ఆపేస్తారు. అంటే ఇరవైరెండు తెల్లారేసరికి దిబ్బ చుట్టూ ఇసుకే. ఆ ముక్క జీవితకు చెబితే, ఆ పిల్ల రెండు రోజులు ముందే దాటి ఉండేది. ఫోను తీసి ఒక్క మాట చెబితే సరిపోయేది.

ఆయన చెప్పలేదు. ఆ పూట చెబుదామనుకున్నాడు, అన్నం తిన్నాక చెబుదామనుకున్నాడు, మర్నాడు చెబుదామనుకున్నాడు. ఇరవైఒకటో తేదీ పొద్దున జీవితే ఫోన్ చేసింది.

"మామా, రేపే గదా? నీళ్ళు ఉంటాయా?"

ఎదురుగా ఏట్లో అప్పటికే ఇసుక మేటలు బయటపడుతున్నాయి. మునియప్ప వాటిని చూస్తూనే అన్నాడు.

"ఉంటాయి పాపా."

అదీ ఆయన చేసింది. ఆ రెండు ముక్కలే.

మర్నాడు మునియప్ప ఆనకట్ట దగ్గరికి పోలేదు. కడుపునొప్పి అని పడుకున్నాడు. జరిగిందంతా ఆయన తర్వాత విన్నాడు, అదీ జీవిత నోటితోనే. పిల్లలిద్దరూ మసకచీకటిలోనే దిబ్బ చేరారు. ఇసుక మీద నడుచుకుంటూ చేరారు. శరత్‌కుమార్, "నీళ్ళు లేవు, తిరువళ్ళూరు పోదాం రా, ఆఫీసు తెరిచే వేళకి అక్కడుంటాం" అన్నాడట. జీవిత వినలేదట.

"నేనే ఆపినాను మామా" అంది జీవిత ఆయన మంచం పక్కన కూర్చుని, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో. "మామ చెప్పినాడు, నీళ్ళు వస్తాయి, కొంచేపు చూద్దాం అన్నాను. తొమ్మిది దాకా చూసినాము."

తొమ్మిదింటికి నీళ్ళు రాలేదు, నటరాజూ ఆయన ఇద్దరు కొడుకులూ వచ్చారు. దాటడానికి ఏరు లేదు గనక మోటార్‌సైకిళ్ళు దిగకుండానే దిబ్బ ఎక్కారు. వాళ్ళను చూసి శరత్‌కుమార్ గబగబా కట్టిన పసుపుతాడును నటరాజు అందరి ముందూ తెంచి ఇసుకలో పారేశాడు. ఏరు పారలేదు గనక అది తప్పు కాదన్నారు పెద్దలు. శరత్‌కుమార్‌కు పెదవి చిట్లింది. వారంలోగా వాళ్ళ ఇంటిల్లిపాదీ మింజూరు వైపు వెళ్ళిపోయారు.

"ఏరు మోసం చేసింది మామా" అంది జీవిత. "నువ్వేం చేస్తావులే."

మునియప్ప గోడవైపు తిరిగి పడుకున్నాడు. కడుపునొప్పి అప్పుడు నిజంగానే మొదలైంది.

పోనీ, ఇంత చేసినందుకు అనుకున్నదైనా జరిగిందా అంటే అదీ లేదు. నాలుగు నెలలు ఆగి, మెల్లిగా పెళ్ళి మాట ఎత్తితే, పార్థిబన్ తండ్రిని పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "దిబ్బ మీద తాళి తెగిన పిల్లని నేనెట్లా చేసుకునేది? ఆ పిల్ల కండ్లు నేను చూడగలనా? అయినా నన్నెప్పుడైనా అడిగినావా నువ్వు?" అన్నాడు. మరుసటేడు తన ఆఫీసులో పనిచేసే కవిప్రియను చేసుకుని ఆవడిలో కాపురం పెట్టాడు. కోడలు మంచిది. ఆ పిల్ల వడ్డిస్తుంటే మునియప్పకు అన్నం దిగేది కాదు, ఇంకో పిల్ల బతుకు తీసి ఈ పీట వేశానేమో అనిపించి.

జీవిత పెళ్ళి చేసుకోలేదు. తిరువళ్ళూరులో ఒక చీరల షాపులో చేరింది. పొద్దస్తమానం నిలబడి చీరలు విప్పి చూపించి మళ్ళీ మడతపెట్టే పని. నటరాజు తెచ్చిన సంబంధాలకు చీరలకు చెప్పినట్టే చెప్పేది, "వేరే చూపించండి" అని. వాళ్ళు విసిగి మానుకున్నారు. మునియప్ప మీద మాత్రం ఆ పిల్లకు అభిమానం రెట్టింపైంది. తన వైపు నిలబడిన మనిషి ఒక్క మామే కదా. మూడో ఏడు ఆయన కంటికి ఆపరేషను జరిగితే తిరువళ్ళూరు ఆస్పత్రికి తిప్పింది ఆమే. రోజుకు నాలుగుసార్లు చుక్కలు వేయాలన్నారు. షాపుకు సెలవు పెట్టి వచ్చి ఆయన తల తన ఒళ్ళో పెట్టుకుని, రెప్ప పైకెత్తి చుక్కలు వేసేది. "కన్ను మూసుకోబాక మామా. నన్నే చూడు" అనేది. అంత దగ్గరగా ఆ పిల్ల ముఖం చూడటం కంటే గుడ్డివాడిగా ఉండటమే నయమని ఆయనకు ఆ వారం రోజులూ అనిపించింది.

చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నాడో. చెబితే ఈ ఒళ్ళో తల ఉండదు. అందుకని చెప్పలేదు. దానికి బదులు కావడి మొక్కుకున్నాడు. మనుషులకు చెప్పలేనిది దేవుడికి మోసుకుపోవడం మనకు అలవాటే. ప్రతి ఆడి కృత్తికకు గుండు చేయించుకుని, పసుపు పంచె కట్టి, పూల కావడి భుజాన వేసుకుని తిరుత్తణి కొండ ఎక్కేవాడు. మూడువందల అరవై ఐదు మెట్లు. మెట్టు మెట్టుకూ హరోహర అంటూ జనం. అక్కడికి పోయి నిలబడితే మాత్రం ఆయనకు కొంచెం సిగ్గేసేది. వల్లిని లేవదీసుకొచ్చి పెళ్ళాడిన దేవుడి కొండ అది. ఆ పెళ్ళికి దేవుడి అన్న, ఏనుగుమొహం స్వామి, అడవి ఏనుగై వచ్చి సాయం చేశాడు. ఇక్కడ మామ మనిషిగా ఉండి కూడా చేయలేకపోయాడు. ఏ ముఖం పెట్టుకుని అడగాలి?

పోయిన ఆడి కృత్తికకు జీవిత కూడా వస్తానంది. తిరువళ్ళూరు స్టేషన్లో రైలెక్కి, తిరుత్తణిలో దిగి, పాలకుండ నెత్తిన పెట్టుకుని ఆయన వెనకే కొండ ఎక్కింది. దిగేటప్పుడు మధ్యలో ఒక మెట్టు మీద కూర్చున్నారు. మునియప్ప గుండుకు చందనం పూస్తూ అంది.

"ఐదేళ్ళుగా నా కోసమే మొక్కుతాండావని నాకు తెలుసులే మామా. ఫలించింది."

"ఏమి?"

"శరత్ ఇంకా చేసుకోలేదు. మింజూరులో నీళ్ళ కంపెనీలో పని. రెండేండ్లుగా ఫోన్లో మాట్లాడుకుంటాండాము. ఈ కార్తికైకి మళ్ళా దిబ్బకి పోదామనుకున్నాము." చందనం పూసిన చెయ్యి తుడుచుకుంటూ నవ్వింది. "ఏ రోజో నువ్వే చెప్పాల. తాళి పళ్ళెం కూడా నువ్వే పట్టుకోని మాతో దాటాల. నాయన లేడు, నువ్వే గదా."

కింద బజారులో నాదస్వరం మోగుతోంది. మునియప్ప తల ఊపాడు. ఔనన్నట్టో ఏడుస్తున్నట్టో తెలియకుండా ఊపాడు. జీవితకు మాత్రం ఔనన్నట్టే కనిపించింది.

ఆ కార్తికైలో ఆయన ఏటిని కాపలా కాసినట్టు ఎవరూ ఏ పైరునూ కాసి ఉండరు. వానలు దండిగా పడ్డాయి. పూండి గేట్లు ఎత్తారు. వరద వచ్చింది, దిబ్బ మీద వేపచెట్ల మొదళ్ళు మునిగాయి, మళ్ళీ తేలాయి. ఆయన రోజుకు ఒకసారి రాయాల్సిన గేజీని నాలుగుసార్లు చూశాడు. ఆఫీసుకు ఫోన్ చేసి, నీళ్ళు ఎప్పుడు ఆపుతారు సార్, ఎప్పుడు ఆపుతారు సార్ అని ప్రాణం తీశాడు. ఈ నెలంతా ఆపేది లేదని వాళ్ళ నోటితో చెప్పించుకున్నాకే జీవితకు రోజు చెప్పాడు. కార్తికై ఇరవైఐదు. ఇరవైనాలుగున జీవిత ఫోన్ చేసి, "నీళ్ళు ఉంటాయా మామా?" అని అడిగింది. సరిగ్గా అవే మాటలు.  "ఉంటాయి పాపా" అన్నాడు. ఈసారి నిజమే చెప్పినా, నోటికి అబద్ధం లాగే తగిలింది.

ఇరవైఐదు పొద్దున తెలతెలవారుతుండగా గేజీ రెండున్నర. ఒడ్డు నుంచి దిబ్బ మీది వేపచెట్టుకు తాడు లాగి కట్టి ఉంది. శరత్‌కుమార్ మోకాలిపైకి లుంగీ ఎగగట్టి నీళ్ళలో నిలబడి తాడు గుంజి చూస్తున్నాడు. చిట్లిన పెదవి మీద మచ్చ ఇంకా ఉంది. మునియప్పను చూసి, "నమస్తే మామా" అన్నాడు గౌరవంగా. జీవిత ఆకుపచ్చ చీర కట్టుకుంది, అది షాపులో తను మడతపెట్టే చీరల్లోంచి ఏరుకున్నదే. పర్సులోంచి కాగితం పొట్లం తీసి, మునియప్ప చేతిలోని పళ్ళెంలో పెట్టింది.

"ఏమిది పాపా?"

"ఆ పొద్దు చిన్నాయన తెంచి పారేసిన తాడు. ఇసుకలో ఏరుకోని పెట్టుకున్నాను. ముడేసి మళ్ళా పసుపు పూసినాను. దీన్నే నీ చేత్తో ఎత్తి ఇయ్యి మామా."

పొట్లంలో ఆ తాడు రంగు మారి, మధ్యలో ముడితో ఉంది. దాన్ని చూడబోయి మునియప్ప పళ్ళెం ఒరిగించాడు. అక్షింతలు కొన్ని నీళ్ళలో పడి కొట్టుకుపోయాయి. రెండు నిమిషాలు నోరు మూసుకుని ఉంటే ఈ పిల్ల పెళ్ళి జరిగిపోతుంది, ఆయన పెద్దమనిషై పళ్ళెం పట్టుకుని పక్కన ఉంటాడు, ఏ మనిషికీ ఏదీ తెలియదు. కానీ ఆ ముడి చూశాక, దాన్ని తన చేత్తో ఎత్తి ఇవ్వడం ఆయనవల్ల కాలేదు.

"పాపా, ఆ పొద్దు నువ్వు ఫోన్లో నీళ్ళు ఉంటాయా అని అడిగినావే. ఉంటాయి అన్నాను. ఉండవని నాకు తెలుసు."

జీవితకు అర్థం కాలేదు. "ఏమి?"

"పైన ఆపేస్తారని నాలుగు దినాల ముందే మెసేజీ వచ్చింది. నీకు చెప్పలేదు. పార్థిబన్‌కి నిన్ను చేసుకోవాలని ఆశ పడినాను. ఏరు మోసం చేయలేదు పాపా. నేనే."

శరత్‌కుమార్ తాడు వదిలేసి చూస్తూ ఉండిపోయాడు. జీవిత ఏటివైపు చూసింది. ఏరు తన పాటికి తాను పారుతోంది.

"తొమ్మిది దాకా చూసినాము మామా" అంది చివరికి. ఐదేళ్ళ కింద అన్న మాటే. అప్పుడు ఏడుస్తూ అంది, ఇప్పుడు ఏడవలేదు. "ఐదేండ్లు నేను ఏటిని తిట్టుకున్నాను. బస్సులో వంతెన దాటిన ప్రతిసారీ తిట్టుకున్నాను."

మునియప్ప ఆమె కాళ్ళ దగ్గర కూలబడబోయాడు. జీవిత ఒక అడుగు వెనక్కి వేసింది. ఆయన చేతిలోంచి పళ్ళెం తీసుకుంది.

"నువ్వు దాటొద్దు."

"పాపా..."

"పెద్దదిక్కు అక్కర్లేదు. అక్కడ ఏడుగురున్నారు." తాడు పట్టుకుని నీళ్ళలో కాలు పెట్టింది. నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కి తిరగకుండానే అంది. "కట్టుబాటు నీకు తెలిసిందే గదా. ఏరు ఎండినాక రా. ఇసుక మీద నడిచి రా. పొంగలి పెడతాను."

శరత్‌కుమార్ ఆమె వెనకే వెళ్ళాడు. నడుము దాకా తడిసి ఇద్దరూ దిబ్బ ఎక్కారు. పొద్దు పొడిచింది. వేపచెట్ల కింద ఆకుపచ్చ చీర వంగడం, పసుపుతాడు మెడ చుట్టూ తిరగడం మునియప్పకు ఇవతలి నుంచే కనిపించింది. ఆపరేషను చేసిన కన్నుతో మరీ బాగా కనిపించింది. కాసేపటికి మోటార్‌సైకిళ్ళ చప్పుడు. నటరాజు వచ్చాడు, కొడుకులు వచ్చారు. నీళ్ళు చూసి బండ్లు ఆపారు. నటరాజు కన్నెమ్మలకు దండం పెట్టుకుని, ఆ వెంటనే తిట్లు మొదలుపెట్టాడు. దిబ్బ మీదివాళ్ళ ఏడు తరాలూ అయ్యాక పక్కనున్న మునియప్ప వైపు తిరిగాడు.

"నువ్వేందిరా ఈ పక్క నిలబడినావు? నువ్వే గదా రోజు చెప్పేది? అవతల ఉండాల్సినవాడివి!"

 గొంతు పోయేదాకా తిట్టి నటరాజు ఇంటికి పోయాడు. మునియప్ప సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డాడు. ఆ జంట అవతలి ఒడ్డుకు దాటి, శరత్‌కుమార్ వాళ్ళమ్మ తెచ్చిన ఆటో ఎక్కి మింజూరు దారి పట్టేదాకా.

ధనకోటికి ఏటితో పనిలేదు, ఆమెకు కోపమే లేదు కదా. నటరాజు ఇక అడ్డం చెప్పలేడు గనక నాలుగో రోజే బస్సెక్కి వెళ్ళి, కూతురింట్లో కడుపునిండా తిని వచ్చింది. వచ్చి మునియప్ప దగ్గర మురిసిపోయింది. ఇల్లు చిన్నదే అన్నా, కుళాయి ఇంట్లోనే ఉందన్నా, అల్లుడు నాకు మంచం ఇచ్చి కింద పడుకున్నాడన్నా. అన్నీ విన్నాక ఆయన అడిగాడు.

"నన్ను గురించి ఏమైనా అడిగిందా?"

ధనకోటి గుర్తుచేసుకోబోయింది. "నువ్వెట్లుండావని... లేదన్నా, అడగలేదు. పనిలో మరిచిపోయుంటాది" అంది.

జీవిత ఎవరికీ చెప్పలేదని దాంతో ఆయనకు తెలిసింది. తల్లికి కూడా చెప్పలేదు. ఊరంతా ఆయన్ని పాత మునియప్పలాగే చూస్తోంది. తై నెలలో ఒక కొత్త జంట తరఫున ఎవరో వచ్చి, వచ్చే ఏడు ఏ రోజు మంచిదని అడిగితే, "నన్నడగబాకండి, గేజీ పుస్తకం ఆఫీసులో ఉంటాది, పోయి చూసుకోండి" అని పంపేశాడు. 

ఇక ఆ ఏడు ఏరు ఎండితేనా. మార్గళిలో మళ్ళీ వాన పడింది. తైలో ఎన్నడూ లేనిది పూండిలో ఇంకోసారి గేటెత్తారు. రైతులు ఆనందంగా రెండో పంటకు నారు పోసుకున్నారు. బావుల్లో నీళ్ళు పైకి వచ్చాయి. మూడు తాలూకాల్లో ఏరు ఎండిపోవాలని కోరుకునేవాడు ఒక్క మునియప్పే. తెల్లారగానే గేజీ రాయి దగ్గరికి పోయి, నిన్నటికీ ఇవాళ్టికీ ఒక వేలెడైనా తగ్గిందా అని వంగి చూసేవాడు. రెండు. ఒకటిముప్పావు. మళ్ళీ రెండు.

మాసి నడుమ ఒక పొద్దున గేజీ ఒక అడుగుకు దిగింది. ఆనకట్టలో ఇసుకను కిందికి వదిలే రెండు షట్టర్లు దించేస్తే నీళ్ళు పైనే ఆగిపోతాయి. మూడో రోజుకల్లా దిబ్బ చుట్టూ ఇసుక. ఎందుకు దించావని అడిగేవాడు లేడు, అడిగినా మరమ్మతు అంటే సరిపోతుంది. మునియప్ప చక్రం దగ్గరికి పోయాడు. తుప్పు పట్టిన ఇనుము మీద రెండు చేతులూ వేశాడు. ఒక చుట్టు తిప్పితే అది కీచుమంది.

ఆ చప్పుడుకు ఆయన ఆగిపోయాడు. ఐదేళ్ళ కింద చేసిందీ ఇదే కదా, తన కోసం ఏటిని ఎండగట్టడం. ఎండగట్టిన ఇసుక మీద నడిచిపోయి ఆ పిల్ల చేతి పొంగలి తింటాడా? తిప్పిన చుట్టు వెనక్కి తిప్పాడు. పుస్తకం తీసి, తేదీ వేసి, ఒక అడుగు అని రాశాడు.

రాస్తుండగా నటరాజు మోటార్‌సైకిలు గట్టు మీద ఆగింది. బండి దిగకుండానే అరిచాడు.

"మునియప్పా! ఎప్పుడెండుతాది ఇది? ఇంట్లో వొదిన పోరు పడలేకుండా ఉండాను. దిబ్బకి పోయి తినేసి వస్తే ఒక పనైపోతాది."

మునియప్ప నీళ్ళవైపు చూశాడు. ఎంతోమందికి నెల చెప్పిన మనిషి, తన కోసం చెప్పుకోవడం ఇదే మొదలు.

"ఇంకా నెల పైనే పడతాది. పంగుని కడాకి."

"నిజంగానేనా?"

"నిజంగానే."

నటరాజు ఏటిని ఒక తిట్టు తిట్టి వెళ్ళిపోయాడు. మునియప్ప పుస్తకం సంచిలో పెట్టి, గట్టు దిగి, దిబ్బకు ఎదురుగా ఒడ్డున నిలబడ్డాడు. చెప్పులు విప్పి ఒక కాలు నీళ్ళలో పెట్టి చూశాడు. చీలమండ మునిగింది. నీళ్ళు ఇంకా పారుతూనే ఉన్నాయి. కాలు వెనక్కి తీసుకుని, తడి ఆరేదాకా అక్కడే కూర్చున్నాడు.